సాయం అడగని నర్సు

కొత్త నర్సుల శిక్షణ నాణ్యతను పర్యవేక్షించే అధికారి, వాంతులతో నీరసించి, సొంత ఆసుపత్రిలోనే సెలైన్ కోసం మంచమెక్కవలసి వచ్చింది. సూది పట్టుకున్నది శిక్షణ చివరి వారంలో ఉన్న నర్సు. రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు.

“పెద్ద సిస్టర్‌ని పిలువమ్మా,” అన్నారాయన.

ఆమె నవ్వింది. “నా దగ్గర మీ పప్పులు ఉడకవు సార్. పరీక్షలో సీనియర్‌ని పిలిస్తే ఫెయిలని రూలు పెట్టింది మీరే కదండీ!”

సదరు నిబంధన అమలయ్యాక సాయం కోరే నర్సే లేకుండా పోయిందనీ, ఇది ఆత్మవిశ్వాసానికి తిరుగులేని నిదర్శనమనీ ఆయన సభాముఖంగా ప్రకటించి ఉన్నారు.

“ఇది పరీక్ష కాదు తల్లీ! నాకు నిజంగానే బాగాలేదు!”

“పోయినసారి కూడా రోగిలా పడుకుని అచ్చం ఇలాగే అన్నారండీ. మా ఫ్రెండు నమ్మి పిలిచింది. పాపం, మళ్ళీ మొదటినుంచి ట్రైనింగు చేస్తోంది.”

మూడో పోటుకు ముంజేయి ఉబ్బింది. ఆయన మంచం పక్కనున్న బెల్లు కోసం చెయ్యి చాచారు. ఆమె దాన్ని సవినయంగా అందనంత దూరం జరిపింది.

గత్యంతరం లేక ఆయన తనకు మిగిలిన ఏకైక అధికారాన్ని వినియోగించారు. “పాసయ్యావు తల్లీ, ఫస్టు క్లాసు! పరీక్ష అయిపోయింది. ఇప్పుడైనా ఎవరినైనా పిలువు!”

ఆమె కళ్ళు చెమర్చాయి.

“పాసైనవాళ్ళకి పక్కన సీనియర్ అక్కర్లేదన్నదీ మీరే కదా సార్,” అంటూ రెండో చెయ్యి అందుకుంది. “వణకకండి. ఇప్పుడు నాకు ధైర్యం వచ్చింది.”