గట్టు మీద కాపలా

చుక్కి అనే బాతు నాలుగేళ్లు పెద్ద చెరువులో బతికి, పుట్టిన కుంటకు తిరిగొచ్చింది. పెద్ద చెరువులో నీళ్లకేం కొదవ లేదు పిల్లలూ, పేరు పెట్టి పిలిచేవాళ్లకే కొదవ.

కుంటలో బాతులన్నీ పక్కకు జరిగి దారిచ్చాయి. "రండి, రండి! మా బురద మీకు పడుతుందో లేదో!" అంది గంగులు పెద్దమ్మ. చిన్నప్పుడు చలికి వణికితే చుక్కిని రెక్క కింద దాచుకున్న పెద్దమ్మే ఆవిడ! ఏరి ఏరి మంచి నత్తలు ముందు పెట్టింది. చుక్కి మనసు చివుక్కుమంది. ఇన్ని మర్యాదలు చుట్టాలకేగా చేస్తారు?

అందరూ మేస్తుంటే ఒకరు గట్టెక్కి, గద్ద వస్తుందేమోనని కాపలా కాయడం ఆ కుంట ఆనవాయితీ. చుట్టాలకు మాత్రం ఆ పని చెప్పరు. మర్నాడు చుక్కి ఎవరూ అడక్కుండానే గట్టెక్కింది. ఎండ మాడుస్తున్నా కదల్లేదు. ఆకాశంలో నల్లటి రెక్కలు కనబడగానే గొంతు చించుకుని అరిచింది. బాతులన్నీ పడుతూ లేస్తూ తుంగలో దూరాయి.

తీరా చూస్తే వచ్చింది కాకి!

"ఒసే చుక్కీ! కళ్లు ఆ చెరువులోనే పారేసుకొచ్చావటే? కాకికీ గద్దకీ తేడా తెలీదూ? రేపూ నువ్వే నిలబడు, అప్పుడుగానీ రాదు నీకు!" అని విరుచుకుపడింది గంగులు పెద్దమ్మ.

"అలాగే పెద్దమ్మా" అంటూ చుక్కి గబగబా గట్టు దిగొచ్చి, చిన్నప్పటిలాగే ఆవిడ రెక్క పక్కన ఒదిగింది.