మిస్సోరీ నెంబరు బండి

చర్చి హాలు ముందు మిస్సోరీ నెంబరు బండి ఆగగానే ఎల్మీర్ గరిటె కింద పెట్టింది.

లూసియానా పల్లపు ఊళ్లలో ఆ శీతాకాలం మిస్సోరీ అన్న మాట తిట్టుతో సమానం.

మూడేళ్లుగా ఉత్తరాది నుంచి అడవి బాతులు దిగడం లేదు. అక్కడ మిస్సోరీ ఆసాములు మొక్కజొన్న కోయకుండా, నిలువు చేలకే నీళ్లు కట్టి, వాటిలోనే వేట సాగిస్తున్నారట. తినడానికి గింజ, ఈదడానికి నీళ్లు. దారిలోనే సంతర్పణ దొరికితే ఇంటిదాకా ఎవరొస్తారు?

ఎల్మీర్ భర్త ఒడిలాన్ పట్నం వేటగాళ్లను పడవలో తిప్పి బతుకుతాడు. బాతులు రాకపోతే వేటగాళ్లూ రారు. ఇక పడవ అమ్మేసి, సముద్రంలో చమురు బావుల మీదికి కూలికి పోవాలి. అతనికి అరవై దాటాయి.

అలాంటి చేలలో వేటకు కట్టడి పెట్టాలా వద్దా తేల్చడానికి వాషింగ్టన్ నుంచి కమిటీ వచ్చింది. మాట్లాడదలచినవాళ్లు గుమ్మంలో పసుపు చీటీ రాసివ్వాలి. చీటీ లేనివాడికి నోరు లేదు.

గుమ్మం పక్కనే గంబో పులుసు కుండలు, కుండల పక్కనే ఎల్మీర్. అందుకని చీటీలు పోగుచేసే పని కూడా ఆమెకే అంటగట్టారు.

బండి దిగిన ముసలాయన టోపీ తీసి, చీటీ రాసి, మడిచి ఇచ్చాడు.

"మర్చిపోకుండా అందిస్తావు కదమ్మా?"

"మర్చిపోవడం మా ఇంటావంటా లేదండీ," అంది ఎల్మీర్.

ఆయన లోపలికి వెళ్లగానే మరిది టెలెస్ఫోర్ చెవి దగ్గరికొచ్చాడు.

"వదినా, వాణ్ని నోరు తెరవనిచ్చావో, మన పని అయిపోయినట్టే."

ఇక చీటీ చదవడానికేముంది? బండి పలక మీదే రాసుంది. మడత విప్పకుండానే ఏప్రన్ జేబులో దోపుకుంది.

మర్యాదకు లోటు రాకూడదు కాబట్టి గంబో మాత్రం పెట్టింది. అతిథుల కుండలోంచి కాదు, బురద వాసన కొడుతుందని అల్లుళ్లకు పెట్టని బొల్లికోడి కుండలోంచి.

ముసలాయన గిన్నె నాకినంత పని చేసి, కమ్మగా ఉందమ్మా అన్నాడు.

పదిమంది మాట్లాడారు. తొమ్మిదిమంది మిస్సోరీని తిట్టారు. వరి రైతు క్లెయోఫాస్ ఒక్కడూ అడ్డం తిరిగాడు. ఇవాళ వాళ్ల మొక్కజొన్నకు కట్టడి అంటే, రేపు తన మళ్లలో నీళ్లకూ వస్తారన్నాడు. అందరూ కలిసి అతన్నీ తిట్టారు.

కమిటీ అధ్యక్షుడు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఇక్కడ బాతులు లేవంటున్నారు, సరే. అవి అక్కడ ఆగిపోవడం కళ్లారా చూసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

చివరి బెంచీలోంచి ముసలాయన ఒక్కడే చెయ్యెత్తాడు.

"మీ చీటీ ఏదీ?"

"గుమ్మంలో ఇచ్చానండీ."

అధ్యక్షుడు చీటీల కట్ట రెండుసార్లు తిరగేశాడు. జాబితా ముగిశాక కొత్త చీటీ తీసుకోవడం నిబంధనల్లో లేదన్నాడు. ఆ తర్వాత ఎల్మీర్ వైపు చూశాడు.

ఎల్మీర్ గంబో కలుపుతోంది. ఏ కుండలో కలుపుతోందో ఆమెకే తెలియదు.

ముసలాయనా అటే చూశాడు. ఏప్రన్ జేబులోంచి పసుపు అంచు తొంగిచూస్తోంది.

"నేనే ఎక్కడో పారేసుకుని ఉంటానండీ," అని కూర్చున్నాడు.

చూసిన సాక్షి లేడు కనుక ఉన్న పద్ధతే కొనసాగాలని రాసుకుని కమిటీ లేచింది. వాళ్ల కార్ల వెనకే మిస్సోరీ బండీ వెళ్లిపోయింది.

ఓడితే ఓడాం, ఆ ముసలాడి నోరైనా కట్టేశావని టెలెస్ఫోర్ వదినను మెచ్చుకుని, రెండో గిన్నె పట్టాడు.

కుండలు తోమడం అయ్యాక, తడిసిన ఏప్రన్ విప్పుతుంటే చీటీ చేతికి తగిలింది. ఎల్మీర్ మడత విప్పింది.

పేరూ ఊరూ కింద, వంకర అక్షరాల్లో ఇలా ఉంది: "నిలువు మొక్కజొన్నకు నీళ్లు కట్టి మీ బాతులను ఆపేస్తున్నవాళ్లలో నేనొకణ్ని, పదకొండేళ్లుగా నా చేలో రోజూ ఎన్ని దిగాయో రాసిన పుస్తకం బండిలో ఉంది, మమ్మల్ని ఆపండి."