మూడో నంబరు

"నిన్న మా లోవ్రో మూడో నంబరు. ఇవాళ పదమూడు! తెల్లారేసరికి పదిమంది మేనల్లుళ్లని దూర్చావా?" వెస్నా ప్రవేశాల జాబితా తెరిచి ఉన్న తన ఫోన్‌ని గుమస్తా గోర్దానా బల్ల మీద విసిరినట్టు పెట్టింది. జాగ్రెబ్ నగర శివార్లలోని ఆ పసిపిల్లల బడి ఆఫీసులో అందరూ తలలు తిప్పి చూశారు.

"దూర్చడానికి ఇదేమన్నా మా పుట్టిల్లా?" గోర్దానా కూడా తగ్గలేదు. "పదో పేరు కింద 'సీట్లు ఇంతవరకే' అని ఒక వాక్యం రాశాను. అది అడ్డం రాగానే వెబ్‌సైటు పేజీ కింది పేర్లకి మళ్లీ ఒకటి నుంచి నంబర్లు వేసుకుంది. పొద్దున చూసి సరిచేశాను. మీవాడు మొదట్నుంచీ పదమూడే."

"రాని పని ఎందుకు చేస్తావు? సోమవారం నేను మళ్లీ ఉద్యోగంలో చేరాలి!"

"నంబరు నా తప్పే. ఆ వాక్యం మాత్రం నిన్న కూడా ఉంది. మీరు చదవలేదా?"

వెస్నా చదవలేదు. నిన్న కొడుకు పేరు పక్కన మూడు కనబడగానే ఫోన్ తీసుకెళ్లి అత్తగారి మొహం ముందు ఆడించింది. ఇక వాణ్ణి బడివాళ్లే చూసుకుంటారు, మీరు మీ ఊరెళ్లొచ్చు అని నవ్వుతూ చెప్పింది.

"నేను చదివాను," అంది వెనక కుర్చీలోంచి అత్తగారు స్లావిత్సా, మనవడి టోపీ సర్దుతూ.

వెస్నా గిరుక్కున తిరిగింది. "చదివి కూడా నోరు మెదపలేదేం అత్తయ్యా? నలుగుర్లో నా పరువు తీయడానికా?"

"మూడేళ్లలో నువ్వు నాతో నవ్వుతూ మాట్లాడింది నిన్న ఒక్కపూటే. దాన్నెందుకు చెడగొట్టడమని ఊరుకున్నాను."

సోమవారం నుంచి లోవ్రోని చూసుకోమని వెస్నా ఇప్పుడు ఆవిడనే అడగాలి.