వందో దెబ్బ

కొలిమిలో తన చేత్తో చేసిన ప్రతి కుక్రీ కత్తికీ అన్నయ్య పెట్టే పరీక్ష ఒకటే. ఎండిన దుంగ మీద వంద దెబ్బలు వేశాక కూడా అది కాగితాన్ని కోయాలి.

ఇవాళ్టి కత్తి ఒక దుంగని ముక్కలు చేసింది. రెండోదీ అయిపోయింది. మూడోది తెచ్చుకున్నాడు. అరచేతిలో బొబ్బ చిట్లినా చూసుకోలేదు.

“చాలన్నయ్యా, వంద ఎప్పుడో దాటింది. వచ్చి కాళ్ళు కడుక్కో.”

“మీ వదిన చాలనలేదుగా,” అన్నాడు మామూలుగా.

ఇన్నేళ్ళూ వంటింటి గుమ్మంలో పీటేసుకుని దెబ్బలు లెక్కపెట్టి, వంద కాగానే ‘చాలు’ అన్నది వదినే. ఆమెని పూడ్చిన మట్టి మా ఇద్దరి కాళ్ళకీ ఇంకా ఆరలేదు.

వెళ్ళి ఆ పీట మీద కూర్చున్నాను. కత్తి దిగింది.

“తొంభై ఏడు,” అన్నాను గట్టిగా.