సగం గడ్డం

కుడి చెంప నున్నగా అయింది. కత్తెరన్న కత్తిని ఎడమ చెంప వైపు తిప్పాడు.

సరిగ్గా అప్పుడే కుర్చీలోని కొత్త మనిషి నోరు విప్పాడు.

"ఆ చట్టం రావాల్సిందేలెండి."

సెలూన్లో తలలన్నీ అతని వైపు తిరిగాయి.

అప్పటిదాకా అక్కడ నడుస్తున్నది ఆ చట్టం గొడవే. ఎండలు ఏటికేడు ముదిరిపోతున్నాయి కాబట్టి బొగ్గు కాల్చే కరెంటు ప్లాంట్లన్నీ మూసేయాలని దాని సారాంశం. ఊళ్ళో దాన్ని పొగ చట్టం అంటారు. ఆ మధ్యాహ్నమే రాజధానిలో కమిటీ ముందు దాని మీద విచారణ.

సెలూను ప్లాంటు గేటుకి ఎదురుగానే. కత్తెరన్న ముందు తల వంచి కూర్చునేవాళ్ళంతా ఆ ప్లాంటు మీద బతికేవాళ్ళే. అతని తమ్ముడికి అందులోనే బాయిలర్ దగ్గర పని. మరదలికి నెలలు నిండాయి. ప్లాంటు మూతపడితే ఆ ఇల్లు ఎలా గడుస్తుందా అని కొన్నాళ్ళుగా కత్తెరన్నకి కంటి మీద కునుకు లేదు.

"ఏంటీ? మళ్ళీ అను," అన్నాడు బొగ్గు లారీ డ్రైవరు, చేతిలోని పేపరు పక్కన పడేసి.

"రావాలి అన్నాను బాబూ. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు! నీ సొమ్మేం పోయింది? రేపట్నుంచి నా లారీలో బొగ్గు బదులు నీ నీతులు తోలమంటావా?"

టీకొట్టు బాబాయి గుమ్మంలోంచి తొంగి చూశాడు.

"ఎవరి మనిషివయ్యా నువ్వు? మా ఊరి మీదికి ఎవరు తోలారు నిన్ను?"

"నేను ఎవరి మనిషినీ కాదండీ. ముందు నా మాట పూర్తిగా..."

"సగం వినేసరికే కడుపు నిండిపోయిందిలే!" అన్నాడు డ్రైవరు.

అందరూ నవ్వారు. కత్తెరన్న నవ్వలేదు. నురగ అంటిన కత్తిని గుడ్డకి తుడిచి మడిచాడు. ఆ మనిషి మెడ చుట్టూ కట్టిన తువ్వాలు లాగేశాడు.

"లెగు."

ఆ మనిషి అద్దంలోకి చూసుకున్నాడు. ఎడమ చెంప మీద నురగ, దాని కింద నెరిసిన గడ్డం.

"మరి ఈ సగం?"

"అది ఆ చట్టం చేసేవాళ్ళతో గీయించుకో."

"బస్సుకి టైమవుతోంది బాబూ. పెద్దవాళ్ళ ముందు కూర్చోవాలి. మీ చెయ్యి తేలికని చెబితే వెతుక్కుంటూ వచ్చాను."

"తేలికే. నా తమ్ముడి కడుపు కొట్టేవాళ్ళకి మాత్రం కాదు."

తమ్ముడి మాట వినగానే ఆ మనిషి ఏదో చెప్పబోయాడు. డ్రైవరు ఈల వేశాడు. ఆ మనిషి చెప్పబోయింది మింగేసి, బయట కుళాయి దగ్గర నురగ కడుక్కుని, "వస్తానండీ" అని బస్టాండు వైపు నడిచాడు.

కత్తెరన్నకి లోపలెక్కడో కలుక్కుమంది. సబ్బు రాసిన ముఖాన్ని సగంలో వదలకూడదని, పగవాడైనా సరే పూర్తి చేసే పంపాలని కత్తి చేతికిచ్చిన రోజే నాన్న చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆ మాట తప్పడం ఇదే మొదలు.

"భలే చేశావన్నా!" అని డ్రైవరు భుజం తట్టాడు.

ఆ తట్టుడుకి కలుక్కుమన్నది కాస్త సర్దుకుంది.

మధ్యాహ్నం సెలూన్లో టీవీ ముందు జనం మూగారు. విచారణ మొదలైంది.

"అరే, ఆ గడ్డం చూడండ్రా!" అని అరిచాడు డ్రైవరు. "పొద్దుటాయనే! అనుకున్నా, వాళ్ళ మనిషేనని!"

తెర మీద ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా.

కమిటీ అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఏమిటండీ, ఇలా వచ్చారు?"

కత్తెరన్న చేతిలో దువ్వెన ఆగిపోయింది. అయిపోయింది, ఇప్పుడు ఊరి పేరూ షాపు పేరూ బయట పెట్టేస్తాడు.

"పొద్దున షాపులో సగం గీసేసరికి కరెంటు పోయిందండి. చీకట్లో ఎక్కడ గాటు పడుతుందోనని పాపం ఆయన ఆపేశాడు."

ఎవరో నవ్వారు. ఆ మనిషి కూడా నవ్వాడు.

"దారిలో ఇంకోచోట గీయించుకునేవాణ్ణే. మీరొకసారి చూడాలని ఇలాగే వచ్చాను. సగంలో వదిలేస్తే ఇలా ఉంటుందండీ. మా ఊళ్ళో ప్లాంటు మూశారు. పొగ పోయింది. వేరే పని చూపిస్తామన్నారు, చూపించలేదు. పొగతో పాటు మేమూ పోయాం. ఇప్పుడక్కడ గాలి బాగుంది, పీల్చడానికి మనుషుల్లేరు."

"అయితే చట్టం వద్దంటారా?"

"రావాల్సిందేనండి. మా పెద్దోడు ఎండదెబ్బకే పోయాడు. కానీ కొత్త పని చేతికిచ్చాకే పాతదానికి తాళం వేయాలి. ఆ ముక్క చట్టంలో రాయండి. రాసేదాకా ఈ సగం గీయించుకోను."

ఆ 'కానీ' తర్వాత ఇంత మాట ఉందని పొద్దున సెలూన్లో ఎవరూ అనుకోలేదు.

డ్రైవరు పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. టీకొట్టు బాబాయి చప్పుడు చేయకుండా గుమ్మం దిగిపోయాడు.

అంతలో డ్యూటీ దిగిన తమ్ముడు మసి ముఖంతోనే పరుగున వచ్చాడు. టీవీ వైపు చూసి నిలబడిపోయాడు.

"అదేంటన్నా, ఆయన గడ్డం అలా ఉంది? నీ దగ్గరికి రాలేదా?"

కత్తెరన్న పొద్దున మడిచి పెట్టిన కత్తి వైపు చూశాడు.

"మన యూనియన్ తరఫున మాట్లాడమని కాళ్ళావేళ్ళా పడి ఆయన్ని ఒప్పించింది నేనే అన్నా, పెద్దవాళ్ళ ముందు ముఖం కళగా ఉండాలి, మా అన్న చెయ్యి తేలిక అని పొద్దున్నే నీ దగ్గరికి పంపిందీ నేనే."