ఎడమవైపు తెర

ఫోను ఏడోసారి మోగాక ఎత్తాడు మరిది. అవతల వదిన. ముందు ఒక్క మాటే అంది.

"ఈసారి బాణం అటు వెళ్లిపోయిందబ్బాయ్."

అతను లేచాడు. చెప్పుల కోసం మంచం కింద వెతికాడు. ఒకటి చేతికి తగిలింది. రెండోది గోడవారన దుమ్ము కొట్టుకుని ఉంది.

"వస్తూ వస్తూ కూరగాయలు పట్రా. ఆ గడ్డం కూడా గీయించుకో. నీ వాలకం చూస్తే మీ అన్నయ్య జడుసుకుంటాడు" అని ఫోను పెట్టేసింది వదిన.

పోయిన మనిషి జడుసుకోవడమేమిటి? ఈమధ్య ఆవిడ మాటలన్నీ ఇలాగే ఉంటున్నాయి. అతని బెంగంతా అదే.

అన్నయ్య పోయి ఐదు నెలలు. ప్రమాదం జరిగిన రోజు బండి నడిపింది తమ్ముడైన ఇతనే. వెనక కూర్చున్నది అన్నయ్య. తమ్ముడికి మోచేయి గీరుకుపోయింది, అంతే. ఇప్పుడు వదిన మతి కూడా చలిస్తే ఆ పాపమూ తన నెత్తినే. అది మాత్రం జరగనివ్వకూడదు.

గడ్డం గీయించుకుని, సంచీలో ఇన్ని వంకాయలు వేయించుకుని, ఎండకు కళ్లు చికిలిస్తూ ఆ ఇల్లు చేరేసరికి పదకొండయింది.

అన్నయ్య గది అన్నయ్య గదిలాగే ఉంది. బల్ల మీద కంప్యూటరు, దాని ముందు ఒక తెర. ఎడమ పక్కన ఇంకో తెర ఉండేది. అది ఆఫీసువాళ్లది, వచ్చి పట్టుకుపోయారు. అదున్నంత మేరా బల్ల రంగు ఇంకా ముదురుగానే ఉంది.

కంప్యూటరును నడిపేది యూనిక్స్, ఆదేశాలు టైపు కొట్టి పని చేయించుకునే వ్యవస్థ. అన్నయ్యకు అదంటే ప్రాణం. తమ్ముడి చేత పట్టుబట్టి నేర్పించాడు. లెక్కల టీచరు కదా అని పెళ్లయిన కొత్తలో వదినకూ నేర్పబోతే, "నా పేపర్లు దిద్దుకోవడానికే తీరిక లేదు మహాప్రభో" అని మొదట దణ్ణం పెట్టేసిందట.

"చూడు" అంటూ వదిన మౌస్‌ని ఎడమకు జరిపింది. తెర మీది బాణం గుర్తు అంచు దాటి మాయమైంది. "మెయిల్లో ఉత్తరం తెరిచినా అటే తెరుచుకుంటోంది. నాకు కనపడదు. అటు కూర్చుని ఎవరు చదువుతున్నారో మరి."

ఎంత మామూలుగా అందో!

ఇలా చెడటం ఇది నాలుగోసారి. మొదటిసారి బొమ్మంతా నాలుగు వేళ్లు కుడికి జరిగి, ఎడమన నల్లటి పట్టీ మిగిలింది. రెండోసారి తెర మొత్తం పక్కకు తిరిగి పడుకుంది. మూడోసారి అక్షరాలన్నీ ఎవరో పైన కూర్చున్నట్టు అణిగిపోయాయి. ప్రతిసారీ ఒక్క ఆదేశం కొడితే సర్దుకుంది. వారం పది రోజులు తిరక్కుండానే ఇంకో వేషం. తీగలు బాగున్నాయి. తెర బాగుంది. మరి బాగా లేనిదేది?

"ఇందులో దయ్యమూ లేదు, గియ్యమూ లేదు వదినా" అన్నాడు ధైర్యం కూడగట్టుకుని. "ఎడమ పక్కన ఇంకా తెర ఉందని దీని భ్రమ. అది లేదని చెప్పాలి, అంతే."

"పాపం, దానికీ నమ్మబుద్ధి కావట్లేదేమో" అంది వదిన.

ఏడుపొచ్చింది అతనికి. తలొంచుకుని, ఎడమ తెరను ఆపేయమని ఆదేశం కొట్టాడు. తెర ఒక్కసారి నల్లబడి వెలిగింది. బాణం ఎడమ అంచుకు వచ్చి బుద్ధిగా ఆగిపోయింది.

"ఇక నేను బయల్దేరతాను."

"బాగానే ఉంది సంబడం. సాయంత్రానికి మళ్లీ చెడితే? కూర్చుని మూలం ఏమిటో చూడు. భోజనం ఇక్కడే. ఒక్కదాన్నే ఉండాలంటే భయమేస్తోంది నాకు" అని వంకాయల సంచీ పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నిజమే, మూలం చూడాల్సిందే. ఇన్నిసార్లు వచ్చినా పైపైన సర్ది పారిపోవడమే గానీ, అన్నయ్య ఫైళ్లు తెరవడానికి అతనికి చేతులు రాలేదు. ఇవాళ తెరిచాడు. ఒక్కొక్కటే తేదీలు చూశాడు. అన్నీ ప్రమాదానికి ముందువే. ఆ తర్వాత ఒక్కదాన్నీ ఎవరూ ముట్టుకోలేదు.

మరి తెరను తిప్పుతున్నదెవరు? ఎడమ భుజం దగ్గర ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. అటు తిరిగి చూడలేదు.

కంప్యూటరును ఆపి మళ్లీ వెలిగించాడు. బాణం మళ్లీ ఎడమకు పారిపోయింది. అంటే వెలిగించగానే ఏదో నడుస్తోంది. ఏమేం నడుస్తున్నాయో వరసగా చూస్తూ పోయాడు. ఒక మూల, అన్నయ్యది కాని చిన్న ఫైలొకటి దొరికింది. తేదీ చూస్తే ఇవాళ్టిదే. ఉదయం ఏడున్నర.

తెరిచాడు. నాలుగు ఆదేశాలున్నాయి, పాత మూడూ ఇప్పుడు నడవకుండా ఆపేసినవి. జరపడానికొకటి, తిప్పడానికొకటి, అణచడానికొకటి, లేని తెరను ఉందనడానికొకటి. ప్రతి ఆదేశం పైనా # గుర్తు పెట్టి తెలుగులో ఒక వాక్యం. ఆ గుర్తున్న వాక్యాన్ని యంత్రం చదవదు, మనుషుల కోసమే రాస్తారు. ఈ కంప్యూటరులో ఎవరు ఏం మార్చినా ఎందుకు మార్చారో పైన రాసి తీరడం అన్నయ్య దగ్గర నేర్చుకున్న వాళ్లందరికీ అలవాటు.

"అబ్బాయ్, చేతులు కడుక్కో, వడ్డిస్తున్నా" అని వంటింట్లోంచి కేక వినిపించింది.

ఈ ఉదయం రాసిన ఆదేశం పైన ఇలా ఉంది: "# మా మరిది గది తలుపేసుకుని నేటికి తొమ్మిది రోజులు, ఈ తెర చెడగొడితే తప్ప బయటికి రాడు."