ఇనపకాళ్ల కోళ్లగూడు

తొంగ్‌సై గునపం ఎత్తేసరికి ఎవరో పెద్దావిడ వచ్చి, నేల మీద అతను గీసుకున్న చదరం మధ్యలో చతికిలబడింది.

భుజాన సంచి. మోకాళ్ల దాకా దుమ్ము. ఊళ్లో ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"లే పెద్దమ్మా. అక్కడ రాట పాతాలి."

"దేనికి?"

"కోళ్లగూటికి."

"అయితే లేవను."

తొంగ్‌సై గునపం దించాడు. అసలే విసిగి ఉన్నాడు. పన్నెండు కోళ్లలో ఏడింటిని మానుపిల్లి ఎత్తుకుపోయింది. ఇంకా ఐదున్నాయి.

భార్య బువాఫన్‌కు నెలలు నిండాయి. కాన్పయ్యాక నెల రోజులు నిప్పుల సెగన పడుకుని, అల్లం వేసిన కోడిపులుసూ గుడ్లూ తినాలి. కిందటి కాన్పుకు ఇంట్లో ఒక్క కోడి కూడా లేదు. ఉప్పూ అన్నంతో సరిపెట్టారు. పాలు పడలేదు. బిడ్డ దక్కలేదు.

ఈసారి ఆ ఐదు కోళ్లనూ ప్రాణం పెట్టయినా కాపాడుకోవాలని అతని పట్టుదల.

"ఇక్కడ తవ్వొద్దు అబ్బాయ్. లోపల బొంబీలుంటాయి."

బొంబీ అంటే నారింజకాయంత ఇనపగుండు. విమానాల్లో వచ్చిన పెద్దమనుషులు చల్లిపోయారు. యుద్ధం ముగిసి యాభై ఏళ్లవుతున్నా, సియెంగ్‌ఖ్వాంగ్ కొండల్లో అవి ఇంకా పేలుతూనే ఉన్నాయి.

తొంగ్‌సై నవ్వాడు. "బొంబీల గురించి నాకా చెబుతున్నావ్? పదేళ్లుగా ఇక్కడ మొక్కజొన్న వేస్తున్నా. పెరడంతా పారతో తిరగేశా."

"పార జానెడే దిగుద్ది. రాటకి మూరెడు తవ్వాలి."

"ఇక్కడే ఉన్నాయని ఎవరు చెప్పారు నీకు?"

ఆవిడ మెట్ల మీద నిలబడ్డ బువాఫన్ కడుపు వంక చూసింది. సంచి దించి ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

"ఎవరయ్యా ఆవిడ?" అంది బువాఫన్.

"ఎవరో పిచ్చిది. మన నేలకి అతుక్కుపోయింది." ఆవిడ వైపు తిరిగాడు. "తవ్వకుండా గూడెలా నిలబెట్టను? గాల్లోనా?"

"కంచె పక్కన పడున్నాయే, ఆ గొట్టాలేంటి?"

"ఖాళీ బాంబు తొడుగులు. పాతసామానువాడికి వేద్దామని."

"నాలుగు తీసుకో. కంచె వారగా బండరాళ్లు పరిచి, వాటి మీద నిలబెట్టు. లోపల వాగురాళ్లు నింపు. పైన వెదురు కట్టు. ఏ పిల్లి ఎక్కుద్దో చూద్దాం."

తిట్టుకుంటూనే మొదలుపెట్టాడు. పని అయితేనన్నా ఈ పీడ వదులుతుందని.

ఆవిడ కూర్చున్నచోటి నుంచే అజమాయిషీ చేసింది. "ఆ కట్టు వదులైంది." "తలుపు తూర్పుకి తిప్పు." "దబ్బల సందులో నీ వేలు దూరితే పాము దూరినట్టే."

పక్కింటి ఖాంఫా కంచె మీంచి తొంగిచూశాడు.

"ఏరా, నీ ఇంటికి చెక్కకాళ్లు, నీ కోళ్లకి ఇనపకాళ్ల మేడా? మరి ఆ పెద్దమ్మేంటి, కదలదు? గుడ్లు పొదుగుతోందా?"

"అవునయ్యా," అంది ఆవిడ. "కింద గుడ్లున్నాయి. పిల్లలు కాకుండా చూస్తున్నా."

ఖాంఫా పగలబడి నవ్వాడు. తొంగ్‌సైకి ఒళ్లు మండింది.

పొద్దు వాలేసరికి గడ్డికప్పు పడింది. ఐదు కోళ్లూ నిచ్చెనెక్కి లోపలికి పోయాయి.

అప్పుడు లేచింది ఆవిడ. తను కూర్చున్నచోట ఒక బండ పెట్టించింది. "దీన్ని కదపొద్దు" అంది. బువాఫన్ మణికట్టుకు తెల్లదారం కట్టి దీవించింది.

తొంగ్‌సై ఒక అన్నం ముద్దా కాస్త మిరపపచ్చడీ ఆకులో చుట్టి చేతికిచ్చాడు. మెట్లెక్కి తినమనలేదు. పేరూ అడగలేదు.

మానుపిల్లి వచ్చింది. మూడు రాత్రులు ఇనపకాళ్లను గీరి గీరి, జారి జారి పడింది. నాలుగోనాటి నుంచి రావడం మానేసింది.

ఆ గూటి కోళ్లలో నాలుగు పులుసయ్యాయి. అయిదోది రోజూ గుడ్డు పెట్టి ప్రాణం దక్కించుకుంది. బువాఫన్‌కు పాలు ధారకట్టాయి. పుట్టింది ఆడపిల్ల. ఆ పిల్ల ఏడిస్తే కొండ అవతలికి వినపడుతోంది!

నెల తిరగగానే, బాంబులు ఏరే జట్టు ఊళ్లోకి దిగింది. ఒక పెద్దావిడ చెప్పిందంటూ తిన్నగా తొంగ్‌సై పెరట్లోకే వచ్చారు. బండ తీసి, ఇనుమును పసిగట్టే యంత్రం పెడితే కుయ్యిమంది.

మూరెడు లోతున రెండు.

ఇసుక బస్తాలు పేర్చి, ఊరందర్నీ గుట్ట మీదికి తోలి, పేల్చేశారు. పొగ తేలిపోయింది. గూడు ఇనపకాళ్ల మీద చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఊరంతా ఈలలు, చప్పట్లు. ఖాంఫా తొంగ్‌సైని భుజాల మీదికెత్తుకుని గుట్ట దిగాడు.

"బతికావురా! ఆ రోజు గునపం వేసుంటే నువ్వూ లేవు, ఆ పిల్లా లేదు!"

తొంగ్‌సై జట్టు నాయకురాలి దగ్గరికి పరిగెత్తాడు.

"చెల్లెమ్మా, ఆ పెద్దమ్మది ఏ ఊరు? అయిదో కోడిని కూడా కోస్తా. మా ఇంట్లో పీట వేసి తినిపించాలి."

"ఆవిడ వెళ్లిపోయిందన్నా. మెకాంగ్ నది దాటి కూతురి దగ్గరికి. మళ్లీ రానంది. ఆరు నెలలు మా ఆఫీసు చుట్టూ తిరిగింది, ఈ పెరడు చూడమని. మాకేమో ఊరికో వంతు, మీ ఊరి వంతు ఇప్పుడొచ్చింది. చివరికి తనే వచ్చేసింది."

"అంత తెలిస్తే నాతో చెప్పొచ్చుగా?"

"కడుపుతో ఉన్న మనిషి వినేలా చెడ్డచావు మాట ఎత్తకూడదు కదా."

"ఎవరి చావు?"

ఆమె గొంతు తగ్గించింది.

"మీరంతా ఈ ఊరికి రాకముందు ఈ ఇల్లు ఆవిడదే అన్నా, కోళ్లగూటికి రాట పాతుదామని ఈ పెరట్లోనే గునపం వేసి, ఆవిడ మొగుడు ఆ మొదటి పోటుకే పోయాడు."